భూకంపాలపై అప్రమత్తత: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలకూ ఆవశ్యకమే

నంద్యాల: భూకంపమనగానే హిమాలయ ప్రాంతమో, గుజరాత్‌లోని కచ్ ప్రాంతమో గుర్తుకు రావడం సహజం. కుందూ నదీ పరీవాహక ప్రాంతంలోని నంద్యాల, ఆళ్లగడ్డ ప్రజలకు ఇది దూరపు విషయంగా తోచవచ్చును. భారతీయ ప్రమాణాల సంస్థ 2002లో వెలువరించిన భూకంప పటంలో ఈ ప్రాంతం అతి తక్కువ తీవ్రత గల 2వ జోన్‌లో ఉన్నది. అయినను నిర్లక్ష్యం తగదని గత అనుభవాలు తెలియజేస్తున్నవి.

1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారి ప్రాంతంలో 6.2 తీవ్రతతో భూకంపం సంభవించి వేలాది మంది మరణించారు. నాటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటె తక్కువ ప్రమాదం గల 1వ జోన్‌లో ఉండేది. మట్టితో పేర్చిన రాతి గోడలు, బరువైన మట్టి పైకప్పులు కూలడమే ప్రాణనష్టానికి ప్రధాన కారణం. రాయలసీమ గ్రామాలలోని పాత మట్టి మిద్దెల నిర్మాణం కూడ ఇంచుమించు ఇటువంటిదే కావడం గమనార్హం.

తెలుగు నేలపై 1967 మార్చి 27న ఒంగోలులో 5.4, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో భూకంపాలు నమోదైనవి. పెద్ద జలాశయాల సమీపంలోనూ భూకంపాలు రావచ్చునని 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కోయనా వద్ద సంభవించిన భూకంపం తెలియజేసినది. శ్రీశైలం జలాశయం గల నంద్యాల జిల్లాకు నిరంతర పరిశీలన ఎంత ముఖ్యమో దీనిని బట్టి గ్రహించవచ్చును.

భూకంపం సంభవించినపుడు భూకంప లేఖినిని తొలుత ప్రాథమిక తరంగాలు, అనంతరం ద్వితీయ తరంగాలు చేరుతాయి. ఈ రెంటి నడుమ ఒక్కొక్క సెకను వ్యవధి సుమారు 8 కిలోమీటర్ల దూరాన్ని సూచిస్తుంది. ఉదాహరణకు ఆళ్లగడ్డ వద్ద భూమి కంపిస్తే, సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని నంద్యాలలో ఈ వ్యవధి 5 సెకన్లు ఉంటుంది. కనీసం మూడు కేంద్రాల దూరాలను పటంపై వృత్తాలుగా గీచినచో అవి కలిసే చోటు భూకంప కేంద్రమవుతుంది. పరిశీలనా కేంద్రాలు దగ్గర దగ్గరగా ఉన్నకొలది చిన్న ప్రకంపనలను సైతం కచ్చితంగా గుర్తించవచ్చును. పటం, వృత్తలేఖిని సహాయంతో ఉన్నత పాఠశాల విద్యార్థులకు కూడ ఈ లెక్క నేర్పవచ్చును. ఇటువంటి శిక్షణ పొందిన విద్యార్థి తన ఇంటికి, గ్రామానికి అవగాహన కల్పించగలడు.

హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ 1961 నుండి ఈ రంగంలో పరిశోధనలు సాగిస్తున్నది. న్యూఢిల్లీలోని జాతీయ భూకంప శాస్త్ర కేంద్రం దేశవ్యాప్తంగా ప్రకంపనలను 24 గంటలూ నమోదు చేసి వివరాలను వెల్లడిస్తున్నది. ప్రకంపనలపై వార్తలు అందినపుడు పాత్రికేయులు, అధికారులు ఈ వివరాలతో ధ్రువీకరించుకొనుట శ్రేయస్కరం. భూకంపం ఫలానా రోజున, ఫలానా గంటకు వస్తుందని ముందుగా చెప్పగల శాస్త్రం ఇంతవరకు లేదు. కావున అటువంటి వదంతులను ప్రచారంలోకి రానీయరాదు.

భూమి కంపించునపుడు ఇంటిలోని వారు గట్టి బల్ల క్రిందకు చేరి, తలను కాపాడుకొని, కంపనలు ఆగువరకు బల్లను పట్టుకొని ఉండవలెను. ఆరుబయట ఉన్నవారు గోడలకు, విద్యుత్ స్తంభాలకు దూరంగా నిలువవలెను. మట్టి మిద్దెలలో నివసించువారు ఏటేటా పోసిన చౌడు మట్టి వలన పెరిగిన పైకప్పు బరువును తగ్గించుకొనుట, గోడలలో బీటలను బాగు చేయించుకొనుట మంచిది. క్రొత్తగా నిర్మించు ఇండ్లకు తలుపుల పైమట్టంలో గోడల చుట్టూ కాంక్రీటు పట్టీ వేయించినచో గోడలు విడిపోకుండ నిలుస్తాయి. భూకంపాన్ని ఆపలేము గాని, ఇల్లు కూలకుండ ముందుజాగ్రత్త వహించుట మన చేతిలోనే ఉన్నది.