వేడినీటి బుగ్గలు, నల్లరేగడి నేల

మన దేశంలో నేటికీ నిప్పులు వెళ్ళగక్కుతున్న అగ్నిపర్వతం ఒక్కటే ఉంది. అది అండమాన్ సముద్రంలోని బ్యారెన్ దీవి. పోర్ట్ బ్లెయిర్ నుండి సుమారు 138 కిలోమీటర్ల దూరంలో, మనుష్య సంచారం లేని చోట ఉంది. చాలాకాలం నిద్రపోయిన ఆ కొండ 1991లో మళ్ళీ మేల్కొన్నది. మా వంటి మదరసా ఉపాధ్యాయులకు అంత దూరపు యాత్ర అందని పండే. అయితే భూగర్భపు వేడిని చేతితో తాకి చూడగల చోటు మన తెలంగాణలోనే ఉన్నది.

కొన్నేళ్ళ క్రితం చలికాలంలో మేము నలుగురు ఉపాధ్యాయులము, పై తరగతుల విద్యార్థులను వెంటబెట్టుకొని మద్నూర్ నుండి మణుగూరుకు బయలుదేరాము. రాష్ట్రానికి ఆ అంచున మేము, ఈ అంచున మణుగూరు. సికింద్రాబాద్‌లో రాత్రి రైలెక్కి దిగాము. బొగ్గు గనిలో పనిచేసే ఒక బంధువు మాకు ఆతిథ్యమిచ్చి, మరునాడు తెల్లవారక ముందే పగిడేరు గ్రామానికి తీసుకువెళ్ళారు.

పొగలు గ్రక్కే నీరు

బొగ్గు నిక్షేపాల అన్వేషణకై పూర్వం అక్కడ బోర్లు వేశారు. వాటిలో కొన్నింటి నుండి మోటారు అవసరం లేకుండానే వేడినీరు ఉబికి వస్తున్నది. చలిలో ఆవిరి తెల్లగా లేస్తుండగా పిల్లలు చేతులు చాచి, వెంటనే వెనక్కి లాక్కున్నారు. సమీపంలో పొలానికి నీరు మళ్ళిస్తున్న ఒక రైతును ఈ నీటితో పంట ఎలా పండుతుందని అడిగాము.

"నేరుగా పెడితే నారు మాడిపోతది సాబ్. కాలువల తిప్పి తిప్పి, సల్లారినంక మడికి ఇడుస్తం," అన్నాడాయన.

ఆ తరువాతి కాలంలో ఇదే పగిడేరులో సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ కేంద్రాన్ని నెలకొల్పింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఒక ద్రవాన్ని ఈ నీటితో మరిగించి, ఆ ఆవిరితో యంత్రాన్ని తిప్పడం దాని పద్ధతి.

ఫజ్ర్ నమాజ్ వేళ సమీపించినప్పుడు ఒక విద్యార్థి ఈ నీటితో వుజూ చెల్లుతుందా అని సందేహపడ్డాడు. పాఠంలో చదివినదే అక్కడ కళ్ళకు కట్టింది. నేల నుండి వేడిగానే పుట్టిన నీరు, దానిలో ఖనిజాల రుచి, వాసన ఉన్నప్పటికీ, శుద్ధమైనదే. శరీరం ఓర్చుకోగలిగినంతగా చల్లార్చుకొంటే చాలు. కాలువలో కొంతదూరం పారిన నీటితో అందరమూ వుజూ చేసుకొన్నాము. మోకాళ్ళ నొప్పులున్న మా పెద్దాయన ఒక డబ్బా నిండా ఆ నీరు పట్టుకొని, ఇంటికి మందుగా తీసుకువెళ్తానన్నారు. వేడినీటి కాపడం నొప్పికి ఉపశమనమిస్తుంది నిజమే, కాని ఆ మేలు వేడిది, ఇంటికి చేరేసరికి డబ్బాలో మిగిలేది చల్లని నీరేనని నచ్చజెప్పాము.

"హజ్రత్, దీని కింద అగ్నిపర్వతం ఉందా?" అని మరొకరు అడిగారు. లేదు. గోదావరి లోయ ప్రాచీన కాలంలో నేల చీలి కుంగిన ప్రదేశం. వాన నీరు ఆ చీలికల వెంట చాలా లోతుకు ఇంకుతుంది. ఒక్కో కిలోమీటరు లోతుకు సుమారు 25 నుండి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది. అలా కాగిన నీరే ఒత్తిడికి మళ్ళీ పైకి తన్నుకు వస్తుంది. భద్రాచలం వద్ద గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీరు ఊరడానికి కారణమూ ఇదే.

లావా మా ఊళ్ళోనే ఉంది

అయితే అగ్నిపర్వతపు ఆనవాళ్ళు ఎక్కడున్నాయి? పిల్లలు తిరిగివచ్చి తమ మదరసా ముంగిట నిలబడితే చాలు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం దక్కను నేల పగుళ్ళ నుండి లావా వెల్లువెత్తి, పొరలు పొరలుగా గట్టిపడింది. నేటికీ ఆ రాయి సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉంది. రాజమండ్రి సమీపంలోని కాటేరు, పంగిడి వద్ద కూడా అటువంటి నల్లరాయి కనిపిస్తుంది. మద్నూర్ ఆ లావా నేల మీదనే ఉంది. ఆ రాయి యుగాలుగా ఎండకు, వానకు చివికి నల్లరేగడి అయింది. మన పత్తి, సోయా, శనగ పండేది ఆ మట్టిలోనే.

మదీనా నగరానికి ఇరువైపులా ఉన్న నల్లరాళ్ళ మైదానాలను అరబ్బీలో 'హర్రా' అంటారు. అవీ లావా నేలలే. హిజ్రీ 654లో, అనగా క్రీ.శ. 1256లో, భూకంపాల అనంతరం అక్కడ నేల చీలి, 50 రోజులకు పైగా లావా ప్రవహించింది. మదీనా వాసులు వ్రాసిన లేఖలను డమాస్కస్ పండితుడు అబూ షామా తన చరిత్ర గ్రంథంలో పొందుపరచారు. ప్రజలు భయంతో మస్జిదె నబవీలో చేరి పశ్చాత్తాపపడ్డారని ఆ వృత్తాంతాలు తెలుపుతున్నాయి. నిప్పును చూసినప్పుడు మనిషికి తన బలహీనత గుర్తుకు వస్తుంది. మరి అదే నిప్పు చల్లారి అన్నం పెడుతున్నప్పుడు మాత్రం ఎందుకు మరచిపోతున్నాడు?

అమానత్‌ను కాపాడుకొందాం

మన చుట్టుపక్కల ఈనాడు జరుగుతున్నది చూడండి. తండ్రి పొలాన్ని అన్నదమ్ములు పంచుకొంటారు. రెండు సాళ్ళు కలిసి వస్తాయని గట్లను దున్నివేస్తారు. నల్లరేగడి తడిస్తే ఉబ్బి పగుళ్ళు మూసుకుపోతాయి కనుక, జడివాన నీరు ఇంకక పైపైన పారుతుంది. అడ్డు లేనప్పుడు పైమట్టిని ఊడ్చుకొని వాగులో కలుపుతుంది. ఆ వాగు మంజీరాను, మంజీరా కందకుర్తి వద్ద గోదావరిని చేరుతాయి. అంగుళం మట్టి ఏర్పడడానికి వందల ఏళ్ళు పడుతుంది. అది పోవడానికి కొన్ని వానాకాలాలు చాలు.

మట్టి మనం సంపాదించినది కాదు, మనకు అప్పగించబడిన అమానత్. దానిని కాపాడడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. వాలుకు అడ్డంగా దున్నాలి. గట్టును నిలపాలి, దానిపై గడ్డిని పెరగనివ్వాలి. పత్తికట్టెను కాల్చక, ముక్కలు చేయించి నేలలో కలపాలి. ఇంటి పెద్దలు వారసత్వం పంచేటప్పుడు ఎకరాలను లెక్కించడంతో సరిపెట్టక, గట్ల బాధ్యత ఎవరిదో కూడా అక్కడే తేల్చాలి. సెలవు దినాన పిల్లలను చేను గట్టుకు తీసుకువెళ్ళి, పిడికెడు మట్టిని చేతిలో పెట్టి, ఇది ఎక్కడి నుండి వచ్చిందో చెప్పండి. తెలిసిన పిల్లవాడు రేపు ఆ గట్టును దున్నడానికి ఒకసారి ఆలోచిస్తాడు.