కొర్రమట్ట దయ్యం లోపల మా బావ

సినిమాల్లో కనిపించే రబ్బరు రాక్షసుణ్ని కోరుట్లలో, మా ఇంటి వెనక రేకుల షెడ్డులో తయారు చేద్దామనుకున్నా. చేశా కూడా. కానీ దాని లోపల ఒక మనిషి ఉంటాడన్న సంగతి నా బుర్రకెక్కేసరికి మా బావ ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు.

ఏప్రిల్ నెల, సాయంత్రం ఐదున్నర. జగిత్యాలలో ఒక కాలేజీ వార్షికోత్సవం. స్టేజీ వెనక మా బావ నేను చేసిన దయ్యం డ్రెస్సులో నిలబడి అప్పటికే 40 నిమిషాలు. మా కంటే ముందున్న డ్యాన్సులు ఒకదాని తర్వాత ఒకటి సాగుతూనే ఉన్నాయి. ‘బావా, ఇంకో పది నిమిషాలే’ అని రెండుసార్లు చెప్పా. మొదటిసారి తల ఊపాడు. రెండోసారి ఊపలేదు. పాత్రలో లీనమైపోయాడనుకుని మురిసిపోయా.

మా పేరు పిలిచారు. బావ స్టేజీ ఎక్కి నాలుగడుగులు వేశాడు. పిల్లలు కేకలు. ఐదో అడుగుకి మోకాళ్ల మీద కూలబడి, పక్కకి ఒరిగిపోయాడు. అందరూ చప్పట్లు! నేనూ కొట్టా. లేవట్లేదని తెలిశాక పరుగెత్తా. జిప్పు వెనకాల ఉంది. అది కనపడకూడదని దాని మీద కూడా రబ్బరు పూసి ఉన్నా. రాలేదు. డ్యాన్స్ పిల్లల దగ్గర కత్తెర తీసుకుని మెడ దగ్గర కోసి తల బయటికి లాగితే, మొహం ఎర్రగా కందిపోయి, పిలిస్తే పలకట్లేదు.

ఆ రాత్రి సెలైన్ ఎక్కించారు. తెల్లారి ఇంటికి పంపారు. బావకేం కాలేదు. కానీ ఆస్పత్రి వరండాలో మా అత్త అడిగిన ఒక్క మాట మాత్రం నన్ను వదల్లేదు.

“నా కొడుకు మీద ఏం పగుండెరా నీకు?”

అసలు ఎట్లా మొదలైందంటే..

నేను ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో డిజైనర్ని. పొద్దంతా లీడర్ల పుట్టినరోజులు, షాపు ఓపెనింగులు. రాత్రయితే ఫోన్‌లో పాత రాక్షసుల సినిమాల మేకింగ్ వీడియోలు. 1954లో వచ్చిన ‘క్రీచర్ ఫ్రమ్ ది బ్లాక్ లగూన్’లో చేపలాంటి మనిషి ఉంటాడు. అది గ్రాఫిక్స్ కాదు, ఒంటికి తొడుక్కున్న రబ్బరు. డిజైన్ చేసింది మిలిసెంట్ పాట్రిక్ అనే ఆవిడ. నేల మీద నడిచే సీన్లకు బెన్ చాప్‌మన్, నీళ్లలో ఈదే సీన్లకు రికో బ్రౌనింగ్ ఆ డ్రెస్సు వేసుకున్నారు. మన ‘భారతీయుడు’లో కమల్‌హాసన్‌ను ముసలాయనగా మార్చింది హాలీవుడ్ మేకప్ నిపుణుడు మైకేల్ వెస్ట్‌మోర్. శంకర్ తీసిన ‘ఐ’ సినిమాకు న్యూజిలాండ్‌లోని వెటా వర్క్‌షాప్ పనిచేసింది.

వాళ్ల దయ్యం అమెజాన్ నీళ్లలోంచి వచ్చింది. మనకు చెరువు లేదా? చెరువులో కొర్రమట్ట లేదా? మార్కెట్ నుంచి ఒక కొర్రమట్టను తెచ్చి, కూర కాకముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసుకున్నా. పాములాంటి చదునైన తల, కింది దవడ కాస్త ముందుకు, ఒంటి మీద నల్ల మచ్చలు. దానికి మనిషి భుజాలు పెడితే నా దయ్యం రెడీ.

మట్టి, పీవోపీ, రబ్బరు పాలు

కోరుట్లలో పుట్టినోడికి బొమ్మలు చేయడం వింత కాదు. ఇక్కడ వినాయకుల షెడ్లకు కొదవలేదు. పీవోపీ విగ్రహం పోయడానికి వాడే అచ్చుల్లో లోపలి పొర రబ్బరుతో ఉంటుంది. ఏనుగు తల మీంచి ఆ రబ్బరును సాక్సు విప్పినట్టు విప్పడం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. అదే లేటెక్స్. రబ్బరు చెట్టు పాలు. మన దేశంలో ఎక్కువగా కేరళ నుంచి వస్తుంది. గడ్డకట్టకుండా అమ్మోనియా కలుపుతారు కాబట్టి డబ్బా మూత తీస్తే ముక్కు పగిలిపోతుంది. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మా అమ్మ మొదటిరోజే షెడ్డుకు తరిమింది. “గీ వాసన ఆకుకు వడితే కార్ఖానోళ్లు బీడీలు వాపస్ కొడ్తరు.. పో అవుతలికి!”

విగ్రహాల వాళ్లు రబ్బరుతో అచ్చు చేసి పీవోపీ పోస్తారు. మనకు కావల్సింది దానికి ఉల్టా. పీవోపీతో అచ్చు చేసి అందులో రబ్బరు పోయాలి. ముందు బావ తలకు పాలిథిన్ కవర్ చుట్టి, మెడికల్ షాపులో దొరికే పీవోపీ పట్టీలతో తల కొలత తీశా. ముక్కూ నోరూ తెరిచే ఉంచి లెండి. ఆ కొలత మీద చెరువు బంకమట్టితో కొర్రమట్ట తల. పొలుసులు ఒక్కొక్కటీ ఐస్‌క్రీమ్ పుల్లతో ఒత్తా. 19 రాత్రులు పట్టింది. తర్వాత మట్టి తల మీద ముందు సగం, వెనక సగం అచ్చు. పీవోపీలో కొబ్బరి పీచు కలిపితే పగలదు. ఈ కిటుకు షెడ్డులో పనిచేసే ఒక అన్న చెప్పాడు.

రెండు సగాలూ కట్టి లోపల లేటెక్స్ నింపి కొంతసేపు ఆగాలి. ఎండిన పీవోపీ ఆ పాలలోని నీళ్లను పీల్చుకుంటుంది. అచ్చు గోడకు రబ్బరు పొరలా పట్టుకుంటుంది. ఎంతసేపు ఉంచితే అంత మందం. మిగిలింది డబ్బాలోకి వంపేసి, పొర పూర్తిగా ఆరాక లోపల టాల్కం పౌడర్ చల్లి మెల్లగా లాగాలి. పౌడర్ మర్చిపోతే రబ్బరు తనకు తానే అతుక్కుపోతుంది, మళ్లీ విడిపోదు.

చదవడానికి ఈజీగా ఉంది కదా? నా మొదటి తల జిగటగా పాడైంది, ఎందుకంటే ఈజీగా ఊడుతుందని అచ్చుకు నూనె పూశా. నూనె రబ్బరుకు పగ. రెండోది తొందరగా ఆరాలని ఎండలో పెట్టా. పైన తోలు కట్టింది, లోపల పచ్చిగానే ఉండి చిరిగిపోయింది. మూడో తల బాగా వచ్చింది. దానికి గేటుకేసే ఎనామిల్ రంగు కొడితే బావ నోరు తెరవగానే పెంకులు పెంకులుగా రాలింది. రబ్బరు సాగుతుంది, ఆ రంగు సాగదు. రంగును లేటెక్స్‌లోనే కలిపి పూయాలని తెలియడానికి మూడు తలలు పోయాయి. నాలుగోదే స్టేజీ ఎక్కింది.

ఒంటికి మాత్రం బద్ధకించా. పాత పాలిస్టర్ ట్రాక్ సూట్ మీద బ్రష్షుతో లేటెక్స్ ఐదు పొరలు కొట్టా. మొత్తం 14 కిలోలు. చూపుకు రెండు చిల్లులు, గాలికి నోట్లో ఒక చీలిక. ఫొటోల్లో అదిరిపోయింది. స్టేటస్ పెడితే షాపులో పని మానేసి రిప్లైలు ఇచ్చుకుంటూ కూర్చున్నా.

గాడ్జిల్లాకూ ఇదే తిప్పలు

బావ పడిపోయాక అమ్మ షెడ్డుకు తాళం వేసింది. అత్త వాళ్లు మా ఇంటికి రావడం మానేశారు. తల వంచుకుని ఫోన్ చూస్తుంటే, ఇన్నాళ్లూ నేను స్కిప్ చేసిన వీడియోలు కనపడ్డాయి. 1954 నాటి జపాన్ ‘గాడ్జిల్లా’కు మొదట చేసిన సూటు దాదాపు 100 కిలోలట. లోపలున్న హరువో నకాజిమా కొన్ని అడుగులు వేయడమే గగనమైంది. దాన్ని పక్కన పెట్టి ఇంకోటి చేశారు. అది కూడా విప్పితే చెమట కప్పులకొద్దీ కారేదట. 1987 ‘ప్రెడేటర్’కు మొదట చేసిన సూటు పనికిరాలేదని షూటింగ్ మధ్యలో ఆపి, స్టాన్ విన్‌స్టన్‌తో మళ్లీ కొత్తగా చేయించారు. ఇంత పెద్దోళ్లకే రెండోసారి చేయక తప్పలేదు.

మన ఒళ్లు చల్లబడేది చెమట ఆరితేనే. రబ్బరు లోపల చెమట పడుతుంది గానీ ఆరదు. ఊపిరి వేడి కూడా తలలోనే తిరుగుతుంది. నేను చేసింది డ్రెస్సు కాదు, మూత బిగించిన కుక్కర్.

తాత మాట, బాపు మాట

మా తాత వయసులో ఉన్నప్పుడు పీర్ల పండుగకు పులి వేషం కట్టేవాడు. నెల రోజుల తర్వాత ఒక సాయంత్రం మంచంలోంచే పిలిచాడు.

“ఒంటి నిండ రంగు పూసుకున్నంక మేం ఎండల నిలవడకపోతుంటిమిరా. ఆడుడు, నీడకు వచ్చుడు. చెంబు వట్టుకొని ఒకడు ఎన్కెన్కనే ఉండెటోడు. ఆడు ‘సాలు’ అంటే సాలు. పులి మాట నడవదు. నీ దయ్యం ఎన్క చెంబు వట్టినోడు ఎవడు?”

నా దగ్గర జవాబు లేదు. నా చేతిలో చెంబు లేదు, ఫోనుంది. బావ కూలబడేదాకా వీడియో తీస్తూనే ఉన్నా.

బాపు దుబాయ్‌లో సైట్ మీద పనిచేస్తాడు. సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసింది. తిడతాడనుకున్నా. తిట్టలేదు. “మా తాన జూన్ 15 కెల్లి సెప్టెంబర్ 15 దాక పగటీలి పన్నెండున్నర నుంచి మూడు దాక బయట పని బందు. సర్కారే పెట్టింది రూలు. ఎందుకు పెట్టిన్రు? మనుషులు వడిపోతున్నరనే కదరా. నువ్వు సుత ఏదన్న రూలు వెట్టుకో, అటెన్క చేసుకో” అన్నాడు.

చేయొద్దు అనలేదు. ఆ రాత్రి అమ్మ కూడా ఏమీ అనకుండా షెడ్డు తాళం నా ముందు పెట్టింది.

రెండో దయ్యం

ఈసారి పని లోపలి నుంచి మొదలుపెట్టా. బస్సెక్కి వేములవాడ మీదుగా సిరిసిల్ల వెళ్లా. సాంచాల చప్పుడు వీధి చివరికి వినపడే ఊరు. పాలిస్టర్‌తో పాటు అక్కడ లంగాలకు వాడే కాటన్ గుడ్డ కూడా నేస్తారు. ఒంటికి పొరలా వేసుకునే సూటు అంటే అర్థంకాక ఒక టైలర్ కాక, “నైట్ డ్రెస్సా?” అన్నాడు. విషయం చెప్పా. చంకల దగ్గర, వీపు మీద గుడ్డ బదులు జాలీ వేద్దామన్నది ఆయన ఐడియానే. జిప్పు తీసేసి ముందువైపు వెల్క్రో పట్టీ కుట్టాడు. “ఏస్కున్నోడే ఇప్పుకోవాలె గదా తమ్మీ” అన్నాడు. నాకు నాలుగు నెలలు పట్టిన విషయం ఆయనకు నాలుగు నిమిషాల్లో అర్థమైంది.

కండల కోసం పాత పరుపు ఫోమ్ కోసి కాటన్ సూటు మీద ముక్కలుగా కుట్టా. లేటెక్స్ పొలుసులు ఛాతీకి, భుజాలకు, ముంజేతులకు మాత్రమే. అవి కూడా విడివిడి పలకలు. వాటి మధ్య సందుల్లోంచి గాలి ఆడుతుంది. వీపు మొత్తం ఖాళీ. దాని మీద నాచులా వేలాడే గుడ్డ పీలికలు. తల రెండు ముక్కలైంది. దవడ విడిగా ఊడుతుంది. నోరు పెద్దది చేసి నల్ల జాలీ బిగించా. బావ చూసేది ఇప్పుడు ఆ నోట్లోంచే. నెత్తిన రెండు చిన్న యూఎస్‌బీ ఫ్యాన్లు, నడుము దగ్గర పవర్ బ్యాంక్. ఒకటి గాలి లోపలికి, ఇంకోటి బయటికి. బరువు 14 కిలోల నుంచి 6 కిలోలకు దిగింది.

తమాషా ఏంటంటే, ఇప్పుడే అది ఎక్కువ భయపెడుతోంది. పాత సూటులో బావ కొయ్యలా నడిచేవాడు. ఇందులో వంగుతాడు, మెడ తిప్పుతాడు, ఉన్నట్టుండి కూర్చుంటాడు. చిందు యక్షగానం వాళ్లు కిరీటాలు, భుజకీర్తులు తేలికైన చెక్కతో ఎందుకు చేస్తారో నాకప్పుడు తెలిసింది. రాత్రంతా ఆడాలంటే ఒళ్లు కదలాలి కదా.

ముందు నేనే వేసుకున్నా. ఐదు నిమిషాలు, తర్వాత పది, తర్వాత పదిహేను. ప్రతిసారీ నాడి చూసుకుని గోడ మీద రాశా. ఇరవై దాటాక తల బరువెక్కింది. అందుకే మా రూలు 15 నిమిషాలు. ఆ తర్వాత తల విప్పాల్సిందే, స్టేజీ మీదున్నా సరే.

మీరూ చేయాలనుకుంటే..

* బెలూన్లు, రబ్బరు గ్లౌజులతో దురద, దద్దుర్లు, ఆయాసం వచ్చేవాళ్లు లేటెక్స్ జోలికి వెళ్లొద్దు. ఎలర్జీ కొందరికి ప్రాణం మీదికి తెస్తుంది.
* అమ్మోనియా ఘాటు ఉంటుంది. గాలి ఆడే చోటే పని చేయండి.
* బ్రష్షును ముందు సబ్బు నీళ్లలో ముంచి తర్వాత లేటెక్స్‌లో పెట్టండి. లేదంటే ఒక్క పూతకే బ్రష్షు పోతుంది.
* సూటును ఎండలో, నూనె తగిలే చోట పెట్టొద్దు. పౌడర్ చల్లి, తలలో గుడ్డలు కుక్కి నీడలో దాచండి.
* లోపలున్న మనిషికి ఒక సైగ నేర్పండి. మాది రెండు చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టడం. సైగ కనపడితే షో బంద్.
* పక్కన ఒక మనిషి ఉండాలి. వీడియో తీసేవాడు వేరు, కనిపెట్టుకుని ఉండేవాడు వేరు.
* కళ్లు తిరుగుతున్నా, వాంతి వచ్చినా, పిలిస్తే తిక్కతిక్కగా పలికినా వెంటనే సూటు విప్పి, నీడలో పడుకోబెట్టి, ఒంటి మీద నీళ్లు చల్లుతూ గాలి విసరండి. 108కి ఫోన్ చేయండి.

మళ్లీ జగిత్యాల

డిసెంబర్‌లో బావే అడిగాడు. “బామ్మర్దీ, మా గల్లీ పిల్లలు అడుగుతున్నరు. తెస్తవా?” అత్త ఒప్పుకుంటేనే వస్తానన్నా. ఆదివారం సాయంత్రం సూటు మూట కట్టుకుని, తాతను ఆటోలో ఎక్కించుకుని వెళ్లా. అత్త మంచినీళ్లిచ్చింది గానీ నాతో మాట్లాడలేదు. సూటును నేల మీద పరిచి ఒక్కొక్కటీ చూపించా. ఇది జాలీ. ఇది పట్టీ. ఇట్లా లాగితే ఊడుతుంది. అత్త వంగి తనే లాగింది. మళ్లీ అతికించి మళ్లీ లాగింది. మూడుసార్లు.

“ఎంతసేపు?” అంది.

“పదిహేను నిమిషాలత్తా.”

“పది” అంది. సరే అన్నా.

చీకటి పడుతుంటే గల్లీలో కొర్రమట్ట దయ్యం బయల్దేరింది. పిల్లలు అరుచుకుంటూ పారిపోయి, మళ్లీ వెనకే వచ్చారు. ఒక బుడ్డోడు ధైర్యం చేసి పొలుసు గిల్లి చూశాడు. నేను ఫోన్ తీయలేదు. దయ్యం వెనకాలే మా అత్త, ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చేతిలో ఫోన్లో టైమర్ పెట్టుకుని నడుస్తోంది.

“అయిపాయె పది నిమిషాలు. తియ్ ఇగ” అని గట్టిగా ఒకటే కేక. దయ్యం మారు మాట్లాడకుండా అరుగు మీద కూర్చుని తల విప్పింది.