చీకట్లో చెట్టు దిగడం

మన దేశంలో వేట పాతకథ అయిపోయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, దానికి 1991లో చేసిన సవరణా వచ్చిన తర్వాత సరదాకు వేటాడడమన్నది నేరం. అమెరికాలో అలా కాదు. అక్కడ ప్రభుత్వాలే లైసెన్సులిచ్చి, యే జంతువును యే నెలలో వేటాడవచ్చునో నిర్ణయిస్తాయి. శరత్కాలం వచ్చిందంటే తెల్లతోక జింకల కోసం జనం అడవులు పడతారు. అక్కడ స్థిరపడిన మన పిల్లల్లో యెవరికైనా యీ సరదా పట్టిందని వింటే, ఇక్కడి తల్లిదండ్రులకు ముందు గుర్తుకు వచ్చేది తుపాకి. భయపడవలసిందే, కాదనము. కాని చెట్టును గురించి కూడ ఒక మాట అడగండని మా మనవి.

జింక వాసన పసిగట్టడంలో గడుసుది. అందుకని వేటగాడు చెట్టెక్కి పదిహేను, ఇరవై అడుగుల యెత్తున కూర్చుంటాడు. జొన్నచేను కాపలాకు మనవాళ్ళు మంచె వేసుకోరూ? అటువంటిదే. ఈ మధ్య కొందరు మంచె కూడ మానివేసి, నడుముకూ తొడలకూ పట్టీలు బిగించుకొని, చెట్టుకు కట్టిన తాడుకు వేలాడుతూ కూర్చుంటున్నారు. దానిని ‘శాడిల్’ అంటారు, జీను అన్నమాట. గుర్రం లేని జీను!

తెల్లవారకముందే యెక్కుతారు, సాయంకాలం చాల రాష్ట్రాల్లో సూర్యాస్తమయమైన అరగంట వరకూ వేటకు అనుమతి వుంటుంది. కనుక దిగేవేళకు చీకటి. చలికి వేళ్ళు కొంకర్లు పోయి వుంటాయి. గంటల తరబడి కదలక కూర్చున్న కాళ్ళు తిమ్మిరెక్కి వుంటాయి. పైగా జింక దొరికితే ఆత్రం, దొరకకపోతే విసుగు. ఎక్కేటప్పుడు వున్న జాగ్రత్త దిగేటప్పుడు వుండకపోవడం మనిషి స్వభావమే కాబోలు. చెట్లమీదనుంచి పడి నడుములు విరగ్గొట్టుకున్నవారు, ప్రాణాలు పోగొట్టుకున్నవారు అక్కడ తక్కువేమీ కాదు.

దీనికి విరుగుడుగా కొందరు పర్వతారోహకుల విద్యను చెట్టుకు తెచ్చారు. అదే రాపెలింగ్, తాడుమీద జారుతూ దిగడం. ఫ్రాన్సు దేశంలో షామొనీ దగ్గర కొండదారి చూపే జాఁ షార్లే 1870 తర్వాతి సంవత్సరాల్లో ఆల్ప్స్ శిఖరాల మీద యీ పద్ధతిని సాధించాడు. పద్ధతి చూడడానికి సులువు. తాడు కొసను చెట్టు చుట్టూ తిప్పి, బరువు పడినకొద్దీ మానును బిగించే విధంగా ఉచ్చు వేస్తారు. మనిషి నడుము దగ్గర ఒక లోహపు పనిముట్టు వుంటుంది. దానిలోనుంచి తాడు మెలికలు తిరిగి పోతుంది. ఆ రాపిడే మనిషిని ఆపుతుంది. కింది తాడును చేత్తో బిగిస్తే ఆగుతాడు, వదులు చేస్తే దిగుతాడు.

మరి చెయ్యి జారితే? చిక్కంతా అక్కడే వున్నది. ఎనిమిది అంకె ఆకారంలో వుండే సాదా పనిముట్టు తనంతట తాను ఆగదు. అందుచేత దానికింద, అసలు తాడుచుట్టూ సన్నని తాటితో ఒక ముడి చుట్టి, దానిని పట్టీలకు తగిలించాలి. ఆస్ట్రియా దేశస్థుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రచారంలోకి తెచ్చిన ముడి ఒకటున్నది. దానికి చుట్టాలైన ముళ్ళు మరికొన్ని వున్నాయి. చేత్తో కిందికి నడిపిస్తే ముడి జారుతుంది. చెయ్యి వదిలితే చటుక్కున కరచుకుంటుంది. ముడి తాడు అసలు తాడుకంటె సన్నగా వుండాలి, లేకుంటే పట్టదు. అమ్మాయిలూ అబ్బాయిలూ ఖరీదైన పనిముట్లు కొనుక్కుంటారు గాని, యీ మూర్తెడు తాటిముక్క దగ్గర అశ్రద్ధ చేస్తారు. మా దృష్టిలో ముందు అడగవలసింది దీన్ని గురించే.

ఇంకొకటి. కూర్చున్నప్పుడు కట్టుకున్న పాత తాడును, దిగే తాడుమీద పూర్తి బరువు మోపి చూసుకోకముందు విప్పరాదు. రెండింటికీ మధ్య దేనికీ కట్టుబడని క్షణం ఒక్కటి కూడ వుండకూడదు. మన తాటిచెట్లెక్కే గీతవాళ్ళకు యిది తెలిసిన సంగతే: నడుమునూ చెట్టునూ కలిపే మోకు విప్పేది నేలమీదనే. అయినా యేటేటా తాళ్ళమీదనుంచి పడినవారి కుటుంబాలు మన వూళ్ళలో వున్నాయి. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో గీత కార్మికులకు ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో తాళ్ళూ పట్టీలూ వున్న సామగ్రి పంపిణీ మొదలుపెట్టింది. వేటగాడిది సరదా, గీతవాడిది బ్రతుకుతెరువు; చెట్టుకు మాత్రం యిద్దరూ ఒకటే.

తుపాకి సంగతి క్లుప్తంగా చెబుతాము. తూటాలు తీసివేసి, వేరే తాడుతో ముందుగా కిందికి దించాలి. భుజాన వేసుకొని దిగరాదు. చెట్టు బ్రతికున్నదై వుండాలి. తాడు నేలను తాకుతున్నదో లేదో దీపం వేసి చూడాలి, కొసన ముడి వెయ్యాలి. తలకు కట్టుకునే దీపమైతే రెండు చేతులూ ఖాళీగా వుంటాయి.

ఒకవేళ మధ్యలో చిక్కి వేలాడవలసి వస్తే, కదలకుండా వుండడం ప్రమాదం. కాళ్ళలో రక్తం నిలిచిపోయి స్పృహ తప్పుతుంది. మానును పాదాలతో తన్నుతూ కాళ్ళు ఆడిస్తూ వుండాలి, సహాయానికి పిలవాలి. అందుకు ఫోను చేతికందే జేబులో వుండాలి, సంచిలో కాదు. ఏ అడవికి, యే మూలకు పోతున్నదీ, యెప్పటికి తిరిగివచ్చేదీ ఇంట్లోవాళ్ళకు ముందే చెప్పి వెళ్ళాలి. ఆ వేళకు రాకపోతే వెతకడానికి మనుషులు బయలుదేరుతారు.

దిగిన తర్వాత ఉచ్చుకు కట్టిన సన్నతాడును లాగితే పైతాడు వదులై కింద పడుతుంది. ఒక్కొక్కప్పుడు కొమ్మకు చిక్కుకుంటుంది. అప్పుడు దానిని పట్టుకొని పైకి పాకరాదు. ఆ రాత్రికి అక్కడే వదలి, మర్నాడు వెలుతురులో వచ్చి తీసుకోవాలి.