కవిసమయమును కొల్లేటి వనమును

ఒక మహాకవి పేర్కొనిన తరులతాదుల నొక్కచోట నాటి, వానిచెంత ఆ కవివాక్యములను ఫలకములపై వ్రాసి నిలిపిన తోటను సాహిత్యోద్యానమనవచ్చును. న్యూయార్కు నగరమందలి సెంట్రల్ పార్కులో షేక్‌స్పియరు పేర నట్టి తోట యొకటి కలదు. ఆ కవి నిర్యాణమునకు మున్నూఱేండ్లు నిండిన 1916వ సంవత్సరమున దాని కా పేరు పెట్టిరి. నాటకమున చదివిన పూవును చదువరి యచ్చట కన్నులార చూడగలడు. అమరము వల్లించు మన బాలుర కట్టి తావేది? ముదినేపల్లి ప్రాంతమువారి కది దూరము కాదు. కొల్లేరే యా వనము. వారివర్గమందలి తామరలకును కలువలకును, సింహాదివర్గమందలి నీటిపక్షులకును అంతకంటె తగిన పాఠశాల మనకు లేదు.

కొంతకాలము క్రిందట నాయొద్ద చదువుకొను బాలుడొకడు ఉత్పల కువలయ పర్యాయములను తడబడక యప్పగించెను. సంతసించి, కాలువగట్టున కాతని తోడ్కొనిపోయి, "కువలయ మేదిరా, చూపుము" అంటిని. "అదిగోనండి గురువుగారూ, నీటిలో పుట్టినది, నీలముగా నున్నది" అని వాడు గుఱ్ఱపుడెక్క పూవును చూపెను. దక్షిణ అమెరికానుండి వచ్చిన యా మొక్కను అమరసింహు డెఱుగడు. అయినను బాలుని తప్పు పట్టుటకు నాకు నోరు రాలేదు. పంకజశబ్దము యోగరూఢమని మనము బోధింతుము. బురదలో పుట్టినవి పెక్కులున్నను, రూఢిచేత ఆ పదము తామరనే తెలుపును. యోగము వ్యాకరణముచేత తెలియును. రూఢ్యర్థమైన వస్తువును మాత్రము కంట చూడవలయును. ఆ చూపవలసిన పని చేయనివాడను నేనే.

ఇచ్చట రాజశేఖరుని కావ్యమీమాంస స్మరింపదగియున్నది. నదులందు పద్మములను, ఎల్ల జలాశయములందును హంసలను, లేకున్నను వర్ణించుట కవిసమయమని యాతడు చెప్పెను. ఇది దోషము కాదా యను శంకకు సమాధానమును చెప్పెను. పూర్వులు శాస్త్రములు చదివి, దేశాంతర ద్వీపాంతరములు తిరిగి, కన్నవానినే నిబంధించిరట. దేశకాలభేదమున నవి మాఱినను, వానిని తొల్లింటివలె చెప్పుటయే కవిసమయమట. కాగా కవిసమయమునకు మూలము దర్శనమే గాని యూహ కాదు. వానకాలమున హంసలు మానసమునకు పోయి శరత్తున మరలివచ్చునని కవులందురు. కొల్లేటికి శీతకాలమున ఉత్తరదేశములనుండి బాతులు వచ్చి, వేసవి ముదురకముందే మరలిపోవుట చూచినవా డా మాటను వట్టి కల్పన యనజాలడు.

ఆ బాలుని వెంటబెట్టుకొని మార్గశిరమున కైకలూరు చేరువనున్న ఆటపాక పక్షికేంద్రమునకు పోయితిని. పక్షులు గూళ్లు పెట్టుకొనుటకై నిలిపిన మంచెలపై గూడబాతులు గుంపులుగా నుండెను. ముక్కుక్రింద వ్రేలాడు సంచిని చూచి బాలుడు, "చేనికి నీరు తోడు గూడవలె నున్నదండి" అనెను. ఆ పేరు పుట్టుట కదియే హేతువని నాకును తోచుచున్నది. అట్లయిన నీ పేరు పెట్టినవాడు కోశము చూచి పెట్టలేదు. పక్షిని చూచి పెట్టెను.

కొల్లేరు కవుల కెఱుకపడినది నేడు కాదు. 634వ సంవత్సరమునాటి ఐహోళె శాసనమున రవికీర్తి రెండవ పులకేశి విజయమును చెప్పుచు, నెత్తురు కలసిన కునాలజలమును సంధ్యామేఘములు క్రమ్మిన యాకసముతో పోల్చెను. ఆ జలము కొల్లేరే యని పరిశోధకులు గుర్తించిరి. కృష్ణాగోదావరుల నడుమ, బుడమేరు తమ్మిలేరుల నీటిని గైకొని ఉప్పుటేటిద్వారా కడలికి పంపు నీ సరస్సు, చేపలచెఱువుల గట్లచే ముక్కలైనది. ఆ చెఱువులు పలువురకు కూడు పెట్టినమాటయు నిజమే. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమైనది. 2002లో రాంసార్ ఒడంబడిక పట్టికకెక్కినది. 2006లో ప్రభుత్వము చెఱువులగట్లను పెక్కింటిని తెగగొట్టించినది. శాసనములు నీటిని కాపాడవచ్చును. పేరునకును వస్తువునకును గల సంబంధమును కాపాడుట మాత్రము ఉపాధ్యాయుల పని.

లేనిదానిని వర్ణించుట కవికి చెల్లును. ఉన్నదానిని పోగొట్టుకొని, దాని పేరు మాత్రము వల్లించుట మనకు చెల్లదు. అట్లయిన తామరయు కలువయు మన మనుమలకు కవిసమయములై మిగులును. కావున వారివర్గము చెప్పు ప్రతి పండితుడును ఏటి కొకమాఱైన శిష్యులను కొల్లేటికి తోడ్కొనిపోవలయును. అది సాగనిచోట, బడిలో నొక తొట్టియందు తామరదుంపను, మఱియొకదానియందు కలువదుంపను నాటించి, వాని పర్యాయపదములను పలకపై వ్రాయించి చెంత నిలుపవలయును. సాహిత్యోద్యానమునకు రెండు తొట్లు చాలును. నాయొద్ద చదువు బాలు డిప్పుడు కువలయమును పొరపడక చూపుచున్నాడు. శ్లోకమును మునుపటివలెనే యప్పగించుచున్నాడు.