వేసవి వేడిమి - ఇంటి కప్పులు, గాలి సందులు

మన గ్రామములందు తాటాకు కప్పులును, రాయలసీమలోని చవుడు మిద్దెలును తగ్గి, స్లాబులును రేకులును హెచ్చినవి. వానభయమును అగ్నిభయమును తగ్గినమాట నిజమే. కాని వేసవి రాత్రులందు నిద్ర కఱవైనది. కంటికి కునుకు లేక మఱునాడు పొలమునకు పోవుట యెట్టిదో రైతు సోదరులకు మేము చెప్పనక్కరలేదు. వృద్ధులకును పసిబిడ్డలకును ఇది ప్రాణముమీదికి వచ్చు విషయము.

తాటాకుల పొరలనడుమ కదలని గాలి చిక్కుకొని యుండును. అట్టి గాలి వేడిని మిక్కిలి మెల్లగా సాగనిచ్చును. మిద్దెయందు మట్టి మందమే యీ పని చేయును. రేకునకు మందము లేదు గనుక ఎండ తగిలిన కొద్దిసేపటికే క్రిందివారికి సెగ తగులును. స్లాబు పగలంతయు వేడిని పట్టియుంచుకొని, ప్రొద్దు గ్రుంకిన పిదప లోపలికి విడుచును. అర్ధరాత్రి దాటినను పంకా వేడిగాలినే త్రిప్పుట యిందువలననే.

కావున కప్పుపై బడిన ఎండను వెనుకకు మఱలించుట మొదటిపని. ఫాల్గుణమాసమునకే స్లాబును శుభ్రముగా కడిగి, జిగురు కలిపిన తెల్లసున్నము రెండుమూడు పూతలు వేయవలెను. వానలకు పూత పోవును గనుక ఏటేట వేయవలసినదే. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానమునకును ఇదియే మూలసూత్రము. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబఱచవలెనని దాని లక్ష్యము. వీధివారందఱును కలిసి సున్నము కొనుట సహకారమునకు తగిన పని.

రేకుల యిండ్లలో రేకునకు జానెడు క్రిందుగా వెదురు తడిక కట్టి, నడిమి వేడిగాలి పోవుటకు ఇరుప్రక్కల దారి విడువవలెను. రేకులపై వరిగడ్డి పఱచుటకు మేము సమ్మతింపము. ఒక్క నిప్పురవ్వ చాలును. ఆస్‌బెస్టాసు నార గల సిమెంటు రేకులకు రంధ్రములు పెట్టరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరము.

ఇక సందుల మాట. తలుపు అంచుల చెంత వెలిగించిన అగరువత్తి నుంచినచో, పొగ వంగినచోట సందు కలదని తెలియును. ఏ.సి. యంత్రమున్న గదిలో అట్టి సందులను గోనెపట్టతోనో రబ్బరు పట్టీతోనో మూయవలెను; లేనిచో వెలుపలి వేడిగాలి జొచ్చి యంత్రము విరామములేక తిరుగును, బిల్లు హెచ్చును. నీటికూలరున్న గదికి ఇది తగదు. అది తెచ్చిన తేమగాలి పోవుటకు ఎదుటి కిటికీ తెఱచి యుండవలెను.

కట్టెలపొయ్యి గల వంటింటి సందులను మాత్ర మెన్నడును మూయరాదు. గాలి చాలని మంటనుండి కార్బన్ మోనాక్సైడను విషవాయువు పుట్టును. దానికి రంగును వాసనయు లేవు. నిద్రించువాడు మేలుకొనకయే మరణింపవచ్చును. చలికాలమున కుంపటిని గదిలో నుంచి తలుపులు బిగించుకొనుటయు ఇంతటి అపాయకరమే.