పూర్వుల మరణపు పద్దులు – వెదకు విధము

తాత పేరు తెలియని విద్యార్థి మన పాఠశాలలో లేడు. ముత్తాత పేరు చెప్పగలవారు కొందరే. ఆయన ఏ యేట, ఏ యూర కాలము చేసెనో చెప్పగలవారు మిక్కిలి అరుదు. హోసూరు ప్రాంతమున తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములలో ఈ మరపు త్వరగా వ్యాపించుచున్నది. పెద్దలతోపాటు వారి జ్ఞాపకములును పోవుచున్నవి. కాని మరణించినవారి వివరములు కొన్ని కాగితముపై నిలిచియున్నవి. వాని నెచ్చట, ఎట్లు వెదకవలెనో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుటయే ఈ వ్యాసమునందలి మా యుద్దేశము.

వెదకువాడు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న, "ఆయన మరణించిన యూరు ఆ యేట ఏ జిల్లాలో నుండెను?" అనునది. అమెరికా దేశమున వంశచరిత్ర వెదకువారును ఇట్లే, మృతుడు ఏ కౌంటీలో మరణించెను, ఆనాడు ఆ కౌంటీ హద్దు లెట్టివి అని ముందుగా విచారింతురు. మనకును ఇదే మార్గము. హోసూరునే చూడుడు. ఇది మొదట సేలము జిల్లాలోనిది. 1965లో ధర్మపురి జిల్లాలోనికిని, 2004లో కృష్ణగిరి జిల్లాలోనికిని చేరినది. ఊరు కదలలేదు, జిల్లా మాత్రము రెండుమారులు మారినది. పొరుగుననున్న కుప్పము 1911లో చిత్తూరు జిల్లా యేర్పడుటకు ముందు ఉత్తరార్కాడు జిల్లాలోనిది. బంగారు గనులలో పని చేయుటకై కోలారునకు పోయి అక్కడనే కన్నుమూసినవారి సంగతి వేరు. ఆనాడు ఆ ప్రాంతము మైసూరు సంస్థానములోనిది గనుక వారి పద్దును నేటి కర్ణాటకమునందే వెదకవలెను.

ఇతర ప్రాంతములలోని తెలుగువారికిని ఈ సూత్రమే వర్తించును. తిరుత్తణి 1960 ఏప్రిలు 1వ తేదీ వరకు ఆంధ్రప్రదేశమునందలి చిత్తూరు జిల్లాలో నుండి, ఆ దినమున మద్రాసు రాష్ట్రమున చేరినది. బరంపురము 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడు వరకు మద్రాసు రాజధానిలోనిది. జయపురము ఆనాడు విశాఖపట్టణము జిల్లాలోనిది. కావున నేటి జిల్లా కచేరీలో పద్దు దొరకనంత మాత్రమున అది లేదని నిరాశ చెందరాదు. ఆనాటి జిల్లా కేంద్రమునందును విచారింపవలెను.

రెండవ ప్రశ్న, ఎప్పుడు? మన యిండ్లలో తిథి జ్ఞాపకముండును గాని సంవత్సరపు అంకె యుండదు. ఆబ్దికము పెట్టుటకు మాసము, పక్షము, తిథి చాలును గదా. కొందరికి సంవత్సరము పేరు మాత్రము తెలియును. ఉదాహరణమునకు, "మా ముత్తాత ధాత నామ సంవత్సర కార్తీక బహుళ ఏకాదశి నాడు పోయెను" అని ఒక ముసలమ్మ చెప్పినదనుకొనుడు. సంవత్సరముల పేర్లు అరువదేండ్ల కొకమారు తిరిగి వచ్చును. ధాత 1876లో వచ్చినది, 1936లో వచ్చినది, 1996లో వచ్చినది. ఇందేది? ఆమె తండ్రి 1920 ప్రాంతమున పుట్టినవాడై, తన తాత చేయి పట్టుకొని నడచినట్లు చెప్పియుండినచో 1936 అని తేలును. అట్లుగాక "కరువులో పోయెను" అని ఇంటివారు చెప్పుచున్నచో 1876 అని తలంపవలెను. దక్షిణదేశమును మలమల మాడ్చిన ఆ మహాక్షామమును తమిళులును ధాత సంవత్సరపు కరువనియే పిలుతురు. ఇంకొకటి గమనింపుడు. తెలుగు సంవత్సరము ఉగాదితో మొదలగును. ధాత సంవత్సరపు మాఘమాసమున మరణించినవారి తేదీ 1936లో గాక 1937లో పడును. ఆనాటి పంచాంగము దొరికినచో తిథిని తేదీగా మార్చుకొనవచ్చును. దొరకనిచో కార్తీక బహుళమునకు నవంబరు, డిసెంబరు నెలల పద్దులను చూచిన చాలును.

సంవత్సరము తేలిన పిమ్మట పద్దుండుటకు అవకాశమున్నదో లేదో తెలియును. మన దేశమున 1886లో జనన మరణముల నమోదునకు ఒక చట్టము వచ్చినది. కాని దానిక్రింద నమోదు చేయించుకొనుట ఐచ్ఛికము. మద్రాసు రాజధానికి 1899లో వేరొక చట్టము చేయబడినది. గ్రామములలో మునసబు ఈ పుస్తకమును వ్రాయుచుండెను. దేశమంతటికిని ఒకే పద్ధతిని కల్పించిన చట్టము 1969 నాటిది. కావున 1876 నాటి మరణమునకు పద్దు దొరకుట అరుదు; 1936 నాటి దానికి ఆశ కలదు; 1970 తరువాతి దానికి ఆశ మిక్కిలి హెచ్చు.

తమిళనాడునందు 1980లో వంశపారంపర్యపు గ్రామాధికారులు తొలగింపబడిరి. వారి తరువాత గ్రామ పరిపాలనాధికారులు వచ్చిరి. అందుచే గ్రామమున ముందుగా ఆ యధికారిని, పట్టణమున పురపాలక కార్యాలయమును అడుగవలెను. పాత పుస్తకములు అక్కడ లేకున్న తాలూకా కచేరీలో విచారింపవలెను. 1969 నాటి చట్టపు 17వ విభాగము ప్రకారము ఎవరైనను రుసుము చెల్లించి పద్దు వెదకించి నకలు పొందవచ్చును. ఆ నకలులో మరణకారణము మాత్రము తెలుపబడదు. అర్జీలో మృతుని పేరు, తండ్రి లేక భర్త పేరు, ఊరు, సుమారు సంవత్సరము వ్రాయవలెను. ఒక్క తేదీ నిచ్చి ఊరకుండక ముందు వెనుకల రెండేసి యేండ్లు వెదకుమని కోరుట మంచిది. స్త్రీల విషయమున భర్త పేరునుబట్టియు చూడవలెను. కొన్ని పద్దులలో "ఫలానివాని భార్య" అని మాత్రమే యుండును.

ఇక అల్పసంఖ్యాకులమైన మనకు ప్రత్యేకముగా ఎదురగు చిక్కొకటి కలదు. తమిళలిపిలో క, గ లకు ఒకే అక్షరము. త, ద లకును, ప, బ లకును అంతే. అందుచే గంగప్ప పద్దు తెలుగులోనికి మరల వ్రాయునపుడు కంగప్ప కావచ్చును, దేవమ్మ తేవమ్మ కావచ్చును, బాలయ్య పాలయ్య కావచ్చును. ఒడియా ప్రాంతమున వెంకటయ్య బెంకటయ్య యగును. పేరు సరిగా లేదని పద్దును త్రోసివేయక, ఆ లిపిలో మన పేరెట్లు మారునో ముందుగా వ్రాసికొని పోవలెను. అంతకంటె పెద్ద చిక్కు ఇంటిపేరు. తమిళదేశపు ఆచారమున పేరునకు ముందు తండ్రి పేరులోని మొదటి యక్షరము నుంతురు. చింతల వెంకటప్ప కుమారుడైన చింతల గంగప్ప పుస్తకములో వె. గంగప్ప యగును. చింతల యను మాట అచ్చట లేదు. ఒకే యూర నలుగురు వె. గంగప్పలున్నచో మనవా డెవడో తేల్చునది తండ్రి పేరు, వయస్సు, వార్త తెలిపినవాని పేరు మాత్రమే.

పద్దు దొరకనివారికి వేరు మార్గములు కలవు. పత్రికలలోని మరణవార్తలు, వర్ధంతి ప్రకటనలు ఉపకరించును. 1914 నుండి మద్రాసున దినపత్రికగా వెలువడిన ఆంధ్రపత్రిక వంటి వాని పాత సంచికలకు 1918లో స్థాపింపబడిన వేటపాలెపు సారస్వత నికేతనము ప్రసిద్ధము. చెన్నపట్టణమున 1896లో తెరువబడిన కన్నెమరా గ్రంథాలయము కలదు. ఐనను పేదవారి మరణవార్త పత్రిక కెక్కుట అరుదు. వారి విషయమున భూమి పట్టా తండ్రి పేరినుండి కొడుకు పేరికి మారిన సంవత్సరము, క్రైస్తవులకు చర్చిలోని ఖనన పుస్తకము, సమాధి రాయి, పాత పంచాంగపు అంచున ఇంటి పెద్ద వ్రాసికొన్న ఒక పంక్తి సాక్ష్యములగును.

ఇదంతయు వేడుక కొరకు గాదు. భూమి పంపకమునకును, వారసత్వమునకును మరణ ధ్రువపత్రము అవసరము. ఆ సంగతి అందరికిని తెలిసినదే. కాని ఇంటిపేరు పద్దునుండి జారిపోయినచో రెండు తరముల పిమ్మట మన పిల్లలకు తమ బంధువు లెవరో తెలిసికొను ఆధారమే యుండదు. ఇందులకు నేడు మనము చేయదగినది కలదు. ఇంట మరణము సంభవించినపుడు 21 దినములలోగా తెలుపుడు. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు కావలసియుండును. తెలుపునపుడు ఇంటిపేరును అక్షరములతో పూర్తిగా వ్రాయింపుడు. పొడి యక్షరముతో సరిపెట్టకుడు. తప్పు పడినచో 15వ విభాగము ననుసరించి దిద్దించుకొనవచ్చును. మొదటి వ్రాతను చెరుపక అంచున దిద్దుబాటు వ్రాయుదురు.

విద్యార్థులారా! ఈ సెలవులలో ఒక నోటుపుస్తకము తీసికొని మీ యింటి పెద్దలయొద్ద కూర్చుండుడు. మూడు తరములవారి పేర్లు, ఇంటిపేర్లు, మరణించిన యూళ్లు, తిథులు అడిగి తెలుగులో వ్రాయుడు. ప్రతి పేరు ప్రక్కను ఎవరు చెప్పిరో గుర్తింపుడు. తెలియని చోట ఖాళీ విడువుడు, ఊహించి నింపకుడు. ఆ ఖాళీలను కచేరీ పద్దులతో నింపుట తరువాతి పని. పద్దు ఎన్నేండ్లయినను పుస్తకములో నుండును. చెప్పగల అవ్వ మాత్రము అన్నాళ్లుండదు. కావున ముందు అవ్వ నడుగుడు.