చేపల చెరువు తవ్వే ముందు వాలు చూడాలి

పల్నాడులోని పెదకూరపాడు చుట్టుపక్కల చాలావరకు నల్లరేగడి నేల. పత్తి, మిర్చి పండే నేల. ఇక్కడ రెండెకరాల్లో చేపల చెరువు వేద్దామనుకున్న రైతు మొదట ఆలోచించేది మట్టి గురించే. బంకపాలు ఎక్కువున్న రేగడి తడిసి ఉబ్బితే నీళ్లను కిందికి ఇంకనివ్వదు కాబట్టి చెరువుకు పనికొస్తుంది. ఎండితే నెర్రెలిచ్చేదీ ఆ మట్టే. వేసవిలో నీళ్లు తగ్గితే గట్లు పగుళ్లు బారతాయి, అందుకే గట్టును వెడల్పుగా, ఏటవాలుగా పోసి గడ్డి పెంచాలి. ఇదంతా ఒక గుంత తీసి చూస్తే తెలిసిపోతుంది. గుంతలో కనపడనివి వేరే ఉన్నాయి. నీళ్లు ఏ పొలాల మీదుగా వస్తాయి? మే నెలలో ఎక్కణ్నుంచి వస్తాయి? వాడిన నీళ్లు ఎటు పోతాయి? ఆ వాగు మీద ఇంకెన్ని చెరువులున్నాయి? వీటికి జవాబు పటం మీదే దొరుకుతుంది.

అలాంటి పటాలు ఇప్పుడు ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం నడిపే ‘భువన్’ 2009 నుంచి ఉంది. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు దాదాపు ఐదు రోజులకోసారి పది మీటర్ల వివరంతో మన పొలాలను చిత్రిస్తాయి, ఆ చిత్రాలు ఉచితం. మన కార్టోశాట్ చిత్రాల నుంచి తీసిన ఎత్తుపల్లాల పటమూ ఉంది. వీటిని కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పరిచి నేల, నీరు, వాలు, రోడ్డు, ఊరు అన్నీ కలిపి చూడొచ్చు.

సాధారణంగా వీటికి మార్కులు వేస్తారు. కాలువకు దగ్గరైతే ఇన్ని, బంకమట్టి అయితే ఇన్ని, తారురోడ్డు ఉంటే ఇన్ని అని వేసి, అన్నీ కూడి ఎక్కువ వచ్చిన చోటును మంచిదంటారు. నాకు ఈ కూడికతో పేచీ ఉంది. నాలుగింట్లో మంచి మార్కులు తెచ్చుకున్న చోటు, అయిదోదాంట్లో చేపను చంపేదైనా సరే, మొత్తం మీద పాసైపోతుంది. ప్రాణం తీసే లోపాన్ని రోడ్డు సౌకర్యం పూడ్చలేదు. కాబట్టి ముందు ‘ఇక్కడ వద్దు’ అన్న చోట్లు కొట్టేయాలి, మార్కులు మిగిలినవాటికే వేయాలి.

పల్నాడులో ఆ కొట్టివేతకు మొదటి కారణం పురుగుమందు. పత్తికి, మిర్చికి కొట్టే మందుల్లో సైపర్‌మెత్రిన్ లాంటి పైరిత్రాయిడ్లు మనిషి కంటే చేపకు చాలా ప్రమాదం. లీటరు నీటిలో మిల్లీగ్రాములో వెయ్యో వంతులు కొన్ని చేరినా చేపపిల్లలు చస్తాయి. పైగా ఈ మందులు మట్టిరేణువులకు అంటుకుంటాయి, జోరువానకు బురదనీటితో పాటే కదులుతాయి. మందు కొట్టే రోజులూ, వాయుగుండాల వానలూ సెప్టెంబరు నుంచి నవంబరు దాకా కలిసే వస్తాయి. ఎత్తుపల్లాల పటం ఇక్కడే అక్కరకొస్తుంది. మనం గుర్తించిన చోటికి ఎగువన ఎన్ని ఎకరాల నీళ్లు దిగుతాయో కంప్యూటరు గీసి చూపిస్తుంది. ఆ గీతలోపల మిర్చి ఎంతుందో ఉపగ్రహ చిత్రంలో చూసుకోవాలి. ఎక్కువుంటే ఆ చోటు వదిలేయాలి. తప్పదనుకుంటే పైనీళ్లు చెరువులోకి రాకుండా చుట్టూ మళ్లింపు కాలువ తీయాలి.

రెండోది వేసవి. ఎండాకాలంలో రోజుకు ఆరు మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుందాం, అంటే ఎకరా చెరువు రోజుకు 24 వేల లీటర్లు పోగొట్టుకుంటుంది. నాగార్జునసాగర్ కుడికాలువకు ఏడాది పొడవునా నీళ్లు రావు. ఎండల్లో వదిలితే మంచినీటి చెరువులు నింపడానికి వదులుతారు. దాన్ని చేపలకు మళ్లించడం నాకు తప్పుగానే కనిపిస్తుంది. ఇక మిగిలింది బోరు. వేసవిలో ఎక్కడ నీళ్లు నిలుస్తాయో కూడా పటమే చెబుతుంది. నీటిమీద పడ్డ పరారుణ కాంతి వెనక్కి రాదు కాబట్టి ఉపగ్రహ చిత్రంలో నీళ్లున్న చోటు నల్లగా తేలుతుంది. గత పదేళ్ల ఏప్రిల్, మే చిత్రాలు వరసగా పెట్టి చూస్తే ఏ కుంట నిలిచిందో, ఏది ఏటా ఎండిందో దాపరికం లేకుండా బయటపడుతుంది.

పెదకూరపాడుకు వాయవ్యాన కృష్ణా నది మీద 45.77 టీఎంసీల పులిచింతల జలాశయం ఉంది కదా, అందులో వలల పంజరాలు వేస్తే పోలేదా అని అడిగేవారుంటారు. పంజరం అడుగుకూ జలాశయం అడుగుకూ మధ్య ఎప్పుడూ కొన్ని మీటర్ల నీరుండాలి, లేకపోతే పెంటా మిగిలిన మేతా అక్కడే కుళ్లి ప్రాణవాయువును తినేస్తాయి. 2021 ఆగస్టు 5న పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయినప్పుడు, దాని స్థానంలో స్టాప్‌లాగ్ (తాత్కాలిక అడ్డుగేటు) దించడానికి నిండు జలాశయాన్ని చాలావరకు ఖాళీ చేశారు. చోటు ఎంచేటప్పుడు నిండినప్పటి లోతు కాదు, అడుగంటినప్పటి లోతు చూడాలి.

ఒక్కొక్క చెరువునే చూస్తూ పోతే ఏమవుతుందో కొల్లేరు చెబుతుంది. చదునైన నేల, బంకమట్టి, పుష్కలంగా నీళ్లు, పక్కనే కైకలూరు, ఆకివీడు, భీమవరం. ఏ మార్కుల పట్టికలోనైనా కొల్లేరు మొదటి స్థానంలో నిలిచేది. కానీ అది బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదను పట్టి ఉంచి ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే సరస్సు. ప్రతి గట్టూ ఆ దారికి అడ్డమే. 2001 నాటి ఉపగ్రహ చిత్రాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు సుమారు 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 40 శాతానికి పైగా చేపల చెరువులే ఉన్నట్టు చూపారు. ప్లస్ 5 కాంటూరు అనే ఎత్తురేఖ వరకు అభయారణ్యమని 1999లోనే ప్రభుత్వం ప్రకటించింది. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట గట్లు పగలగొట్టారు. అప్పు చేసి తవ్వుకున్నవాళ్లు, కూలికి బతికినవాళ్లు ఎంతగా నలిగిపోయారో ఆ ఊళ్లవాళ్లకు తెలుసు. ఎత్తురేఖ కాగితం మీద ఉండి, తవ్వే ముందు ఎవరూ దాన్ని లెక్కచేయకపోవడం వల్ల వచ్చిన నష్టమది.

ఆంధ్రప్రదేశ్ 2020లో ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థకు చట్టం చేసింది. చెరువుకు లైసెన్సు కావాలి. దరఖాస్తును ఒక సర్వే నంబరుకు పరిమితం చేయకుండా వాగు మొత్తానికి లెక్క చూడాలన్నది నా కోరిక. ఈ వాగు ఎన్ని చెరువుల మురుగును మోయగలదు, అది దాటాక ఎన్నివ్వకూడదు అన్న సంఖ్యను ముందే తేల్చి గ్రామ సచివాలయంలో అంటించాలి.

పటానికీ హద్దులున్నాయి. ముప్పై మీటర్ల గడి ఎత్తుల్లో కొన్ని మీటర్ల తేడా ఉండొచ్చు. వాగు దిశ చెప్పడానికి అది చాలు గాని తూము మట్టం తేల్చడానికి చాలదు, దానికి లెవెల్ పరికరంతో కొలవాల్సిందే. 1:2,50,000 స్కేలు నేల పటంలో సెంటీమీటరంటే రెండున్నర కిలోమీటర్లు. అందులో మీ రెండెకరాలు కనపడవు. పటం చూసి మూడు నాలుగు చోట్లకు కుదించుకున్నాక మట్టి, బోరునీళ్లు పరీక్షకు పంపాలి. ఆ తర్వాత గట్టివాన పడ్డ మర్నాడు అక్కడికి వెళ్లి, ఎగువ మిర్చి చేలనుంచి నీళ్లు ఏ గట్టు కిందుగా దిగుతున్నాయో కళ్లారా చూడాలి.